మూగ గిటార్ గడప దాటొద్దు

సూర్యాపేట పాత బస్టాండు వెనక గల్లీలో పాల బండ్ల తర్వాత వినపడే చప్పుడు స్వరలక్ష్మి మ్యూజికల్స్ షట్టరుది. రామనర్సయ్య దాన్ని ఒక్క ఊపున ఎత్తడు. నడుం దాకా ఎత్తి, వంగి లోపలికి పోయి, హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కుతాడు. అది పలికాకే బయటికొచ్చి మిగతా సగం ఎత్తుతాడు. తెల్లారి దుకాణంలో మొదటి మాట మనిషిది కాకూడదు, వాయిద్యానిది కావాలని వాళ్ల నాయన పెట్టిన నేమం అది.

అట్లాంటి నేమాలు ఆ దుకాణంలో ఇంకా ఉన్నాయి. కొనేవాడు ముందు తన చేత్తో పలికించి చూపించాలి. పలికించలేనివాడికి ఎంత మంచి బేరమైనా రామనర్సయ్య అమ్మడు. "బీరువల దాసుకునేటోనికి నా దగ్గర సామాన్లేదు" అని మొహం మీదే అంటాడు. అన్నిటికన్నా పెద్ద నేమం, శ్రుతి చెయ్యని వాయిద్యం గడప దాటకూడదన్నది. భజన మండలి వాళ్ల డోలక్ అయినా, చర్చి వాళ్ల గిటార్ అయినా ఆయన చెయ్యి పడి, సరిగ్గా పలికాకే బయటికి పోవాలి. "పెండ్లికి పొయ్యేటోడు తల దువ్వుకోకుంట పోతడా?" అన్నది ఆయన వాదన. ఆ మాటకు చుట్టుపక్కల విలువుండేది. కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా హార్మోనియాలు బస్సుల మీద వేసుకొని ఈ గల్లీకే వచ్చేవాళ్లు.

ఇప్పుడు రావడం తగ్గింది. గిటార్ కావాలంటే జనం ఫోన్లోనే వేలు ఆనిస్తున్నారు.

"గిరాకీ మన గల్లీకి రాకపోతే మనమే వాళ్ల గల్లీకి పోదాం మావయ్యా" అన్నది కోడలు సునీత. ఆమె పుట్టిల్లు కోదాడ. తండ్రిది గాజు సామాన్ల కొట్టు. అత్తవారింటికి వచ్చాక ఏడాది పాటు దుకాణాన్ని మాట్లాడకుండా చూసి, తర్వాత ఆన్‌లైన్‌లో ఒక పేజీ పెట్టింది. ఒక్కో గిటార్‌ని నాలుగు వైపులా ఫొటో తీసి, దాని గుణం రెండు మాటల్లో రాసింది. పెద్ద పెద్ద కంపెనీల దగ్గర కాక, అడిగితే మనిషి జవాబు చెప్పే చిన్న దుకాణంలో కొనుక్కోవాలనుకునేవాళ్లు లోకంలో ఉన్నారని ఆమె నమ్మకం. నిజంగానే ఉన్నారు. రోజు విడిచి రోజైనా ఒక డబ్బా కట్టే పని పడుతోంది.

ఆ పొద్దున రామనర్సయ్య హార్మోనియం పలికించాక షట్టరు మిగతా సగం ఎత్తలేదు. సునీత రాత్రి కట్టి గోడకు ఆనించిన పొడుగు అట్టడబ్బా ముందు గొంతుక్కూర్చొని, బ్లేడుతో టేపు కోశాడు. లోపల తేనె రంగు గిటార్. తీగల మీద వేలు వేసి చూశాడు. ఎండకాలం తాడు మీద ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి.

మెట్ల మీద నుంచి ఆయన భార్య బుచ్చమ్మ చాయ గ్లాసుతో దిగింది.

"ఓ హరీషు నాయినా! మళ్ల ఇప్పినవా?"

"మెల్లగనే. కోడలు ఇంటది."

"ఇంటె ఇననియ్యి. నీ దుకాణంల నువ్వే పాల గిన్నె కాడి పిల్లి లెక్క కూసున్నవ్."

"నాకేమన్న సంబురమా? నిన్న పొద్దుమూకి నేను మంచిగ శ్రుతి చేసి చేతికిచ్చిన. సూడు, తీగలెట్ల సడలినయో. డబ్బల పెట్టేటప్పుడు ఆ పిల్ల చెయ్యి తగుల్తున్నట్టుంది. మోజుతోని చేస్తున్నది, తప్పు చెప్తె చిన్నవోతది. ఊకె సరిజేసి పెడితె ఖతం."

తల దగ్గరి మరలు తిప్పడానికి అడ్డంగా ఉన్న కాగితపు ఉండలను ఒక్కొక్కటి పీకి పక్కన పడేశాడు. సునీత వాటిని మెడ కిందా తల చుట్టూ గట్టిగా కుక్కింది. "ఏంటికో గీ చెత్తంత" అన్నాడు.

"పడెయ్యకు, ఇటియ్యి. నీళ్ల పొయ్యికి మంచిగ అంటుకుంటున్నయ్" అని బుచ్చమ్మ ఆ ఉండలన్నిటినీ కొంగులో వేసుకుంది.

హార్మోనియం మెట్టు నొక్కి ఒక్కో తీగను దాని స్వరం దాకా ఎక్కించాడు. ఆరూ కలిపి ఒకసారి మీటాడు. తేనె రంగు గిటార్ ఖంగున పలికింది. ఆయన మొహం వెలిగింది. తల వెనక చిన్న కుంకుమ బొట్టు పెట్టి, మళ్లీ డబ్బాలో పడుకోబెట్టి టేపు వేశాడు. చిరునామా చదివాడు. మాడుగులపల్లి దగ్గర ఒక తండా. పేరు సోనీ.

"పోయి రా తల్లీ. అడిగినోళ్లకు జవాబు చెప్పు" అన్నాడు గిటార్‌తో.

కొరియర్ జానయ్య వచ్చేసరికి సునీత పిల్లవాణ్ని బడికి పంపి కిందికి దిగింది. డబ్బా అప్పగిస్తూనే మొదలుపెట్టింది.

"జానయ్యన్నా, ఇంతకుముందు రెండు విరిగాయని ఫోన్లొచ్చాయి. మీ వాళ్లు ఎత్తి పడేస్తున్నారో, ఎక్కి కూర్చుంటున్నారో నాకు తెలీదు. ఇది మాత్రం జాగ్రత్తండీ."

"అమ్మా, నా బండి మీద పసిపిల్ల లెక్క తీస్కపోతున్న. నా తర్వాత నాలుగు బండ్లు మారుతది. ఆళ్ల చేతులు నేను వట్టుకోవాల్నా?"

"మా నాన్న గాజు సామాన్లు చెన్నై దాకా పంపాడన్నా. ఒక్క గ్లాసు పగల్లేదు. నా ప్యాకింగ్‌లో గిటార్ విరగడమేంటి?"

లోపల కౌంటరు దగ్గర ఆమె భర్త హరీష్ తల ఎత్తకుండానే అన్నాడు. "సునీతా, ఇది గిట్ల విరిగితె మాత్రం ఇగ బంద్. పేజీ తీసెయ్యి. ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్ముకుందాం. అవి విరగవు."

"సరే. ఇది విరిగితే నేనే తీసేస్తాను" అన్నది సునీత. మాట గట్టిగానే అన్నది గాని, డబ్బా మూలను చెరగుతో ఇంకోసారి తుడిచింది.

డోలకులూ తబలాలూ వేలాడే గోడ మీద ఫోన్ కవర్లు వేలాడితే ఎట్లా ఉంటుందో రామనర్సయ్య కళ్లలో మెదిలింది. అంతలోనే ధైర్యం తెచ్చుకున్నాడు. ఈసారి ఏం కాదు. తాను అన్నిటికన్నా మంచిగా శ్రుతి చేసింది దీన్నే.

*

నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ అన్నాల దగ్గర ఉండగా సునీత ఫోన్ మోగింది. వీడియో. ఆమె నవ్వుతూనే తెరిచింది.

ఒక రేకుల ఇంటి అరుగు. ఒక అమ్మాయి చేతులు టేపు కోస్తున్నాయి. పక్కనుంచి "మెల్లగ, మెల్లగ" అంటూ ఒక మగ గొంతు. చుట్టూ పిల్లల కిచకిచ. డబ్బా తెరుచుకుంది. అమ్మాయి రెండు చేతులా గిటార్‌ను పైకెత్తింది. దాని తల, కోసిన కోడి మెడలా పక్కకు వాలి, తీగల మీద వేలాడింది. అమ్మాయి గిటార్‌ను మళ్లీ డబ్బాలో పెట్టి మూత మూసేసింది.

కింద మెసేజ్: "అక్కా, మీరు మంచిగనే పంపి ఉంటరు. ఇక్కడికొచ్చేసరికి ఇట్లయింది. మీ మీద కోపం లేదు."

తిట్టినా బాగుండేది. సునీత కళ్లు నిండాయి. వీడియో వెనక్కి జరిపి మళ్లీ చూసింది, ఒక చోట ఆపి వేళ్లతో పెద్దది చేసింది. విరిగిన తల వెనక ఎర్రటి చుక్క. కుంకుమ. డబ్బా అంచున, కోసిన పాత టేపు మీద కంటికి ఆనని పల్చటి తెల్ల టేపు మెరుస్తోంది. తాను వాడేది గోధుమ రంగు టేపు. తల చుట్టూ తాను కుక్కిన కాగితాలు ఒక్కటీ లేవు.

ఆమె తలెత్తి మావగారి వైపు ఒక్క క్షణం చూసింది. ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఏమైంది?" అన్నాడు హరీష్.

"విరిగింది."

హరీష్ కంచం పక్కకు జరిపాడు. "నేను చెప్పిన్నా? నీ ప్యాకింగే సక్కగ లేదు. జానయ్యను ఊకె తిడుతున్నవ్. గాజు గ్లాసులు కట్టినంత మాత్రాన గిటార్లు కట్టుడు వస్తదా?"

"అవును. నాదే తప్పు. పేజీ తీసేస్తాను" అన్నది సునీత.

ఆ మాట రామనర్సయ్యకు రుచించలేదు. కోడలు అట్లా తల వంచుకోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. కోడలి తరఫున నిలబడాలనిపించింది. చేతిలో ముద్ద అట్లాగే పట్టుకొని గొంతు పెంచాడు.

"ఏందిరా ఆ పిల్లను అంటున్నవ్? ప్యాకింగ్‌ల ఏం తప్పు లేదు. ప్రతి డబ్బ నేను మళ్ల ఇప్పి సూసిన. తీగలు సడలితే నా చేత్తోని శ్రుతి చేసి, బొట్టు వెట్టి పంపిన. దాంట్లె ఏ తప్పు లేకుండె. అయితె గియితె బండోళ్లదే తప్పు!"

హరీష్ తండ్రి వైపు తిరిగాడు.

"ప్రతి డబ్బా ఇప్పినవా?" అన్నాడు హరీష్ మెల్లగా.

"ఇప్పకుంట మూగదాన్ని పంపుతనా?"

సునీత ఇక ఆగలేకపోయింది. "మావయ్యా! ఆ తీగలు సడల్లేదు. నేనే వదులు చేశాను. కావాలనే చేశాను."

"కావాల్నని?"

"ఆరు తీగలూ కలిసి మెడను లాగుతూనే ఉంటాయి మావయ్యా. మన గోడకు వేలాడుతున్నంతసేపు దానికేం కాదు. లారీలో మీద నుంచి కింద పడ్డప్పుడు, అంతలా లాక్కొని ఉన్న మెడ పుటుక్కున విరుగుతుంది. వదులుగా ఉంటే ఆ దెబ్బ ఓర్చుకుంటుంది. ఆ కాగితాలు చెత్త కాదు. దాని తలకి దిండు."

బుచ్చమ్మ గబుక్కున కొంగు సర్దుకుంది, అందులో ఇంకా ఆ కాగితాలున్నట్టే.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు రామనర్సయ్య. గొంతులో అధికారం ఉంది గాని, అడుగున ఏదో జారిపోతోంది.

"ఎట్లా చెప్పను? మీరు ఎంతో ఇష్టంగా శ్రుతి చేసి చేతికిస్తారు. మీ కళ్ల ముందే దాన్ని పాడు చేసినట్టవుతుందని, మీరు పైకెళ్లాక వదులు చేసేదాన్ని." ఆమె ఫోన్ తీసి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఇది చదవండి. మొదటి రోజు రాసిందే. 'మా మావయ్య చెయ్యి పడకుండా మా దుకాణం నుంచి ఒక్క గిటార్ కూడా బయటికి వెళ్లదు.' జనం ఇది చూసే కొంటున్నారు మావయ్యా. నేను అమ్మేది గిటార్ కాదు, మీ చెయ్యి."

రామనర్సయ్య ఆ అక్షరాలకేసి చూశాడు. చదవడానికి కళ్లద్దాలు లేవు. ఉన్నా చదివేవాడు కాదేమో. చెయ్యి కడుక్కొని కిందికి దిగిపోయాడు.

దుకాణంలో గోడ పొడవునా డోలకులు. అన్నిటి తాళ్లూ వదులుగా ఉన్నాయి. వదులు చేసింది ఆయనే. డోలక్ కొన్న ప్రతి మనిషికీ ఆయనే చెప్తాడు. "వాయించనప్పుడు తాళ్లు సడలించి పెట్టు, లేకుంటె ఎండకు తోలు పగుల్తది." పాతికేళ్లుగా చెప్తున్న మాట. తోలుకు వర్తించేది మెడకు వర్తించదా? ఆ చిన్నపిల్ల చేసింది తాను రోజూ చేసే పనే. చూసి కూడా గుర్తుపట్టలేదు. గిటార్ అనేసరికి ఒక్క శ్రుతి తప్ప ఇంకేమీ కనపడలేదు.

ఆయన స్టూలు మీద కూర్చొని ఒక డోలక్‌ను ఒళ్లోకి తీసుకున్నాడు. వాయించలేదు. దాని సడలిన తాళ్లను తడుముతూ కూర్చున్నాడు.

బుచ్చమ్మ మంచినీళ్లు తెచ్చి పక్కన నిలబడింది.

"మూడు గిటార్ల మెడలిర్సిన" అన్నాడు ఆయన.

"నేను ఆటి దిండ్లు పొయ్యిల వెట్టిన" అన్నది ఆమె. "తప్పుల సగం నాది రాసుకో." నీళ్ల గ్లాసు ఆయన చేతికిచ్చింది. "ఆ పిల్ల నిన్ను పట్టియ్యలే, సూసినవా? ఈడియో సూడంగనే తెల్సింది ఆమెకు. నీ దిక్కు ఒక్క సూపు సూసి, తన నెత్తిన ఏసుకున్నది. నీ నోరు ఊకోక నువ్వే బయటవడ్డవ్."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. లేచి కొక్కేనికి ఉన్న ఇంకో తేనె రంగు గిటార్‌ను దించాడు. దుకాణానికి కళ తెస్తుందని కొంతకాలంగా ఎవరడిగినా అమ్మకుండా దాచుకున్నది అది.

"కోడల్ని తయారు గమ్మను. రేప్పొద్దుగాల్ల మొదటి బస్సుకు పోతున్నం" అన్నాడు.

*

మిర్యాలగూడ బస్సులో రామనర్సయ్య కిటికీ పక్కన, గిటార్ డబ్బా ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా. ఎక్కేముందు తన కళ్ల ముందే కోడలు తీగలు వదులు చేస్తుంటే పక్కన నిలబడి చూశాడు. ఒక్కో తీగ స్వరం దిగిపోతుంటే పళ్లు బిగబట్టాడు.

గతుకుల దగ్గర బస్సు ఎగిరినప్పుడల్లా డబ్బా మూల కిటికీ చువ్వకు కొట్టుకుంటోంది.

"బిగిచ్చి ఉంటె ఈపాటికి ఖతమే గద?" అన్నాడు.

"ఏమో. అదృష్టం బాగుంటే నిలిచేది."

"అదృష్టం మీద దుకాణం నడవది బిడ్డా." కాసేపు వరి మళ్లను చూసి, "మీ నాయిన గాజులు కట్టేటప్పుడు ఏం జేస్తడు?" అని అడిగాడు. వియ్యంకుడి పని గురించి ఆయన అడగడం అదే మొదటిసారి.

"డబ్బా ఊపి, చెవి దగ్గర పెట్టుకొని వింటాడు మావయ్యా. లోపల ఏమైనా కదిలిన చప్పుడొస్తే మళ్లీ కడతాడు."

"ఇంటడా?" రామనర్సయ్య తలూపాడు. "అయితె ఆయనదీ చెవి పనే."

కండక్టరు టికెట్ల కోసం వచ్చి, "ఏంది పెద్దమనిషీ, తుపాకీయా?" అన్నాడు.

"గిటార్. మా కోడలు ఊర్లకు ఊర్లు పంపుతది. మా దుకాణం ఆమెదే" అన్నాడు రామనర్సయ్య. సునీత గబుక్కున కిటికీ వైపు తిరిగింది.

మిర్యాలగూడలో నల్లగొండ బస్సెక్కి మాడుగులపల్లిలో దిగి, ఆటోలో తండాకు చేరేసరికి ఎండ ముదిరింది. వీడియోలో చూసిన రేకుల ఇల్లే. అరుగు మీద కూర్చున్న మనిషి లేచాడు. సోనీ తండ్రి మంగ్త్యా. వరికోత మిషన్ డ్రైవరు.

"దుకాణపోళ్లా? గింత దూరమొచ్చిన్రా! ఫోన్ చేస్తె నేనే వస్తుంటిగద సేటూ. కూసోండ్రి, కూసోండ్రి. సోనీ, నీళ్లు తే!"

చెంబుతో బయటికొచ్చిన అమ్మాయి రామనర్సయ్యను చూడగానే గడపలోనే ఆగిపోయింది. డిగ్రీ చదివే వయసు. చెంబు తండ్రి చేతికిచ్చి తలుపు చాటుకు జరిగింది.

"ఏందమ్మా, నన్నెరుగుదువా?" అన్నాడు రామనర్సయ్య.

మంగ్త్యా నవ్వాడు. "ఎరుగదా? పోయినేడు మీ దుకాణానికే తోల్కొచ్చిన. కొక్కేనికి ఏలాడేసిన తేనె రంగుదే కావాల్నన్నది. మీరు దించి చేతికిచ్చి, 'ఏది, పలికిచ్చి సూపియ్యి' అన్నరు. మా పిల్లకు రాదాయె. మీరు మళ్ల తీస్కొని కొక్కేనికి తగిలిచ్చిన్రు. గిరాకంత సూస్తున్నరు. వస్తె కొనుడెందుకు సేటూ, నేర్సుకుందామనే గద కొనేది అని నా నోటి దాక వచ్చింది. అనలేక బస్సెక్కినం."

రామనర్సయ్యకు ఆ రోజు గుర్తుకు రాలేదు. అదే ఎక్కువ బాధించింది. అట్లా తిప్పి పంపినవాళ్లు ఇంకెందరో. వాళ్లెవరి మొహాలూ గుర్తులేవు. ఆ నేమం పాటించినందుకు ఆయన ఇన్నేళ్లూ గర్వపడ్డాడు.

తలుపు చాటు నుంచి సోనీ గొంతు వచ్చింది. "ఫోన్ల మీ దుకాణం కనవడ్డది తాతా. అదే గిటార్. అక్కను అడిగితె, చేతులు చిన్నయా పెద్దయా, ఎన్నడన్న పట్టుకున్నవా అని అడిగి, ఏం కాదు, నేర్సుకుంటె వస్తది అన్నది. వాయించి సూపియ్యమనలే. అందుకే అక్క దగ్గర కొన్న."

రామనర్సయ్య సునీత వైపు చూశాడు. ఆమె తల దించుకొని డబ్బా టేపు కోస్తోంది. మొహం చూడకుండా అమ్మే అమ్మకం ఏం అమ్మకమని ఆయన ఎన్నోసార్లు మనసులో విసుక్కున్నాడు. ఇప్పుడు తలుపు చాటున నిలబడ్డ పిల్లను చూశాక, మొహం చూడకుండా అమ్మినందుకే ఈ పిల్ల కొనగలిగిందని అర్థమైంది.

సునీత గిటార్ తీసి ఆయన చేతికివ్వబోయింది. వదులు తీగలు చూసి ఆయన వేళ్లు వాటంతటవే మరల మీదికి పోయాయి. పోయి ఆగాయి.

"దా బిడ్డా, ఇట్ల కూసో" అన్నాడు సోనీతో. "నేను ముట్ట. నువ్వే తిప్పు."

"నాకు రాదు తాతా."

"రాకనే నేర్సుకునుడు. మీ నాయిన చెప్పిండు గద."

అరుగు మీద కూర్చోబెట్టాడు. హార్మోనియం లేదు. ఆయన కళ్లు మూసుకొని, భజనలు పాడిన పాత గొంతుతో ఒక స్వరం పట్టి నిలిపాడు. అన్నిటికన్నా లావు తీగ మీద సోనీ వేలు వేసింది. అది ఎద్దు అరిచినట్టు మోగింది. చుట్టూ చేరిన పిల్లలు పకపకా నవ్వారు.

"నవ్వనియ్యి. తిప్పు. ఇంకింత. ఇంకింత. నా గొంతు పక్కకొచ్చి కూసోవాలె అది. ఆఁ, ఎక్కువైంది, జర దించు."

దించింది. తీగ వణుకుతూ వచ్చి ఆయన గొంతులో కలిసిపోయింది. రెండు స్వరాలు ఒకటయ్యాయి. ఆ సంగతి సోనీకీ తెలిసింది. ఎవరూ చెప్పకుండానే ఆమె మొహం మారింది.

"దొరికిందా?" అన్నాడు ఆయన.

"దొరికింది తాతా!"

అట్లా ఆరు తీగలూ ఆమె చేత్తోనే ఎక్కాయి. మధ్యలో పిల్లలు నవ్వడం మానేసి, ఆయనతో పాటు స్వరం పట్టసాగారు. చివరికి సోనీ ఆరింటి మీదా ఒక్కసారి చెయ్యి జార్చింది. తండాలో మేకలు కూడా తలలెత్తినంత నిండుగా పలికింది. మంగ్త్యా తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు, చెమటో ఏమో.

"నా చెయ్యి పడకుంట పలికిన మొదటి గిటార్ ఇది" అన్నాడు రామనర్సయ్య. ఇన్నేళ్లలో తాను ఎంతో బాగా శ్రుతి చేసిన ఏ వాయిద్యాన్ని చూసినా ఆయన ఛాతీ ఇంతగా పొంగలేదు. సునీత భుజం మీద చెయ్యి వేశాడు. "బిడ్డా, మా నాయిన చెప్పింది తప్పు గాదు. నేనే సగం ఇన్న. వాయిద్యం మూగగ ఉండొద్దు. నిజమే. కాని అది పలకాల్సింది మన గడప దాటేటప్పుడు గాదు, ఆళ్ల గడప ఎక్కినంక."

"మీ చెయ్యి నేను డబ్బాలో పెట్టి పంపలేను గదా మావయ్యా" అన్నది సునీత, ఏడుస్తూ నవ్వుతూ.

"నా గొంతు పంపు. ఫోనున్నది గద!"

మంగ్త్యా జొన్నరొట్టెలు తినిపించందే కదలనియ్యలేదు.

*

ఇప్పుడు కూడా ఆ గల్లీలో పొద్దున పాల బండ్ల తర్వాత షట్టరు చప్పుడే. రామనర్సయ్య హార్మోనియం మెట్టు నొక్కాకే మిగతా సగం లేస్తుంది. కానీ ఆ హార్మోనియం పక్కన ఇప్పుడొక చెక్క స్టాండు ఉంది. అందులో ఫోన్. హరీష్ తన చేత్తో కోసి, చిత్రిక పట్టి, నూనె రాసి చేశాడు. చేశాక తండ్రి ముందు పెట్టి, "ఫోన్ కవర్లు అమ్ముదామన్న గద, ఫోనుకు కుర్సీ చేసిన" అన్నాడు. అంతకు మించి క్షమాపణ ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

గిటార్ డబ్బాలోకి పోయేముందు రామనర్సయ్య శ్రుతి చేసి ఫోన్ ముందు ఒకసారి పలికిస్తాడు. ఆ వీడియో కొన్నవాళ్లకు పోతుంది. తర్వాత ఆయనే, తన వేళ్లతోనే, తీగలు వదులు చేస్తాడు. మొదట్లో కళ్లు మూసుకొని చేసేవాడు. ఇప్పుడు చూస్తూనే చేస్తున్నాడు. సునీత దిండ్లు కుక్కి, డబ్బా ఊపి చెవి దగ్గర పెట్టుకొని వింటుంది. ఆమె విన్నాక ఆయన కూడా వింటాడు. ఆమె మీద నమ్మకం లేక కాదు, అలవాటు. దుకాణానికి వచ్చినవాళ్లను మాత్రం "పలికిచ్చి సూపియ్యి" అనడం మానేశాడు. "కూసో, సూపిస్త" అంటున్నాడు.

"నా నీళ్ల పొయ్యికి కాగితాల్లేకుంట అయినయ్" అని బుచ్చమ్మ మెట్ల మీద నుంచి రోజూ ఒకసారైనా అంటుంది.

ఆ పొద్దున ఫోన్ మోగింది. మఠంపల్లి నుంచి ఒకావిడ. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉంటుందట. గిటార్ వచ్చిందట. మెడ చక్కగా ఉందట, తీగలు మాత్రం వేలాడుతున్నాయని కంగారు.

"పరేషాన్ గాకు తల్లీ, ఏలాడాల్నే" అన్నాడు రామనర్సయ్య. ఫోన్‌ను స్టాండులో నిలబెట్టి చెయ్యి పైకెత్తాడు. హరీష్ ఫ్యాను కట్టేశాడు. పైన బుచ్చమ్మ మిక్సీ ఆపింది. డబ్బా తీసుకుపోవడానికి వచ్చిన జానయ్య బండి ఇంజన్ ఆపి గుమ్మంలో నిలబడ్డాడు.

హార్మోనియం మెట్టు నొక్కి, "ఇగ తిప్పు" అన్నాడు.

ఎక్కడో కృష్ణ ఒడ్డున, ఎవరి ఇంట్లోనో, ఒక లావు తీగ మూలిగింది. మెల్లగా లేచింది. జారింది. మళ్లీ లేచి, హార్మోనియం పక్కకొచ్చి కూర్చుంది.

"తాతగారూ, ఇది మీరు చెయ్యి వేసి పంపిందేనా?" అన్నది ఆవిడ సంతోషం పట్టలేక. "పేజీలో అట్లాగే రాసి ఉంది."

రామనర్సయ్య వెనక్కి తిరిగాడు. సునీత ఇంకో డబ్బాకు టేపు వేస్తూ ఆగి, ఆయన ఏమంటాడోనని చూస్తోంది.

"నేను పలికిచ్చిన తల్లీ. నా కోడలు ఓపికగ కట్టి పంపింది. ఇప్పుడు నువ్వు ఎక్కిస్తున్నవ్" అన్నాడు, గల్లీ అంతా వినపడేటట్టు. "గిన్ని చేతులు పడ్డ గిటార్, ఊకె విరుగుతదా? కానీ, రెండో తీగ పట్టు."